తురుంఖాన్ ఎవరు?

మాది శామీర్‌పేట. ఆ మధ్య ఏదో పనిమీద మా అబ్బాయిని వెంటబెట్టుకొని మేడ్చల్ వెళ్ళాను. అక్కడ బస్సు ఎక్కుతుండగా కండక్టరుతో వాదానికి దిగిన ఒక కుర్రవాణ్ణి వెనకనుండి ఒక పెద్దాయన "నువ్వేమన్న పెద్ద తురుంఖాన్‌వా? జరుగు!" అని గద్దించాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మావాడు మాత్రం "తురుంఖాన్ అంటే ఎవరు నాన్నా?" అని అడిగాడు. "ఎవడో పొగరుబోతు" అనేశాను.

ఆ మాట అన్నది మొదలు నాకు మనసు మనసులో లేదు. ఎందుకంటే నేను చెప్పింది అబద్ధమని నాకు తెలుసు. తుర్రేబాజ్ ఖాన్ అన్న పేరే జనం నోళ్ళలో నలిగి తురుంఖాన్ అయిందని హైదరాబాదులో చెప్పుకుంటారు. ఆ మనిషి ప్రాణం పోయింది కూడా మేము నిలబడిన ఆ నాగపూరు రోడ్డు మీద మరికొంత ముందుకు వెళితే వచ్చే తూప్రాన్ దగ్గరే.

1857 అనగానే మీరట్, ఢిల్లీ, ఝాన్సీ అని అప్పజెప్పడం మనకు బడిలోనే అలవాటయింది. దక్షిణాది ఆ ఏడాది నిద్రపోయిందని నేనూ చాలాకాలం నమ్మాను. నిజానికి ఇక్కడి కంటోన్మెంటులో అలజడి అంతకు ముందే ఉన్నది. శామీర్‌పేటనుండి పట్నం పోయే దారిలోని బొల్లారంలో 1855 మొహర్రం నాడు సిపాయిలు తమ బ్రిగేడియర్ కాలిన్ మెకంజీనే నరికి గాయపరిచారు. 1857లో ఢిల్లీ మీదికి నడవమంటే నిరాకరించి హైదరాబాదు చేరిన జమాదారు చీదా ఖాన్‌ను, అతని సహచరులను దివాను సాలార్‌జంగ్ పట్టించి బ్రిటిష్ రెసిడెన్సీకి అప్పగించాడు. వారిని విడిపించడానికే జూలై 17న, శుక్రవారం ప్రార్థనల అనంతరం, మౌల్వీ అల్లాఉద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ కొన్ని వందలమంది రోహిల్లాలతో కోఠీలోని రెసిడెన్సీ మీద పడ్డారు. దివాను రెసిడెంటు డేవిడ్సన్‌కు ముందే కబురు పంపాడు. లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారేసరికి కథ ముగిసింది.

ఇక్కడ నాదొక అభ్యంతరం ఉన్నది. ఈ సంగతి తెలిసిన కొద్దిమంది కూడా తుర్రేబాజ్ ఖాన్‌ను నేటి దేశభక్తుని వేషంలో నిలబెట్టి చూపుతారు. అతడు వెళ్ళింది ముందుగా తోటివారిని చెరనుండి తప్పించడానికి. మనం ఇప్పుడు అనుకునే అర్థంలో స్వాతంత్ర్యం అన్న ఊహ అతనికి ఉండిందని నేను అనుకోను. అందువల్ల అతడు నా దృష్టిలో రవ్వంత కూడా తగ్గలేదు. ఫిరంగులున్న గోడమీదికి స్నేహితుల కోసం వెళ్ళడానికి ఎంత గుండె కావాలి!

కొద్దిరోజులకే పట్టుబడ్డాడు. యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించారు. అండమానుకు పంపేలోపునే, 1859 జనవరి 18న, కాపలా తప్పించుకొని పారిపోయాడు. అతని తలకు ఐదువేల రూపాయల వెల కట్టారు. ఆరు రోజులు గడిచాయి. జనవరి 24న తూప్రాన్ అడవిలో అతణ్ణి చంపినవారు ఇంగ్లీషువారు కారు, అక్కడి తాలూకాదారు కుర్బాన్ అలీ బేగ్ మనుషులు. శవాన్ని పట్నానికి తెచ్చి, అందరూ చూసేలా వేలాడదీశారు. మౌల్వీని అదే ఏడాది అండమాను పంపారు, అక్కడే పోయాడు.

మరునాటి సంవత్సరం, అంటే 1860లో, విధేయతకు ప్రతిఫలంగా కంపెనీ వారసులు నిజాముకు 50 లక్షల బాకీ రద్దుచేసి, రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలు తిరిగి ఇచ్చి, తిరుగుబాటు చేసిన సురపురం సంస్థానాన్ని కూడా కట్టబెట్టారు. సాలార్‌జంగ్‌ను దుర్మార్గుడని తేల్చేయడం నా ఉద్దేశం కాదు. ఖాళీ ఖజానాతో రాజ్యాన్ని నిలబెట్టిన పాలనాదక్షుడు ఆయన. ఆయన లెక్క ఆయనది. కానీ ఆ లెక్కలో ఖర్చయిపోయిన మనిషి పేరును మనం తిట్టుగా వాడుకోవడమే నాకు మింగుడుపడటం లేదు. గెలిచినవారు శవాన్ని కొద్దిరోజులే వేలాడదీసి ఉంటారు. మనం నూటయాభై ఏళ్ళు దాటినా దించలేదు. 'ఆ మాటలో కొంచెం మెప్పు కూడా ఉంది కదా' అని ఒక మిత్రుడు వాదించాడు. ఉండవచ్చు. బస్టాండులో ఆ రోజు నాకు వినబడింది మాత్రం వెక్కిరింతే.

కోఠీలో 1957లో, శతవార్షికం నాడు, ఒక స్మారకస్తంభం నిలిపారు. దాని పక్కనే ఏళ్ళ తరబడి బస్సు ఎక్కి దిగినవాణ్ణి నేను, ఒక్కసారైనా ఆగి చదవలేదు.

పోయిన ఆదివారం మావాణ్ణి తూప్రాన్ తీసుకువెళ్ళాను. రోడ్డు పక్కన టీ తాగుతూ ఈ కథంతా చెప్పాను, మేడ్చల్‌లో నేను చెప్పింది తప్పని కూడా ఒప్పుకున్నాను. వాడు అంతా విని, లారీలు పోతున్న ఆ రోడ్డుకేసి చూస్తూ "మరి ఆ పొద్దు బస్సుల నువ్వు గూడ నవ్వినవ్ గద నాన్నా" అన్నాడు.