దీపం తెచ్చినవాడు ఘటానికి స్వామియా?

‘1492లో కొలంబస్ అమెరికాను కనుగొన్నాడు’ అని బాలురకు నేటికీ బోధిస్తున్నారు. వాక్యం చిన్నదే, దానివలన కలిగిన అనర్థం చిన్నది కాదు.

చీకటి గదిలో ఘటం ఉన్నది. దీపం తెచ్చిన పిమ్మట కనబడింది. దీపం ఆవరణను తొలగించిందే గాని ఘటాన్ని పుట్టించలేదు. దీపం తెచ్చినంత మాత్రాన ఘటం తనదని ఎవడైనా అంటే లోకం నవ్వుతుంది. ఇక ఆ గదిలో గృహస్థులు తమ దీపం వెలిగించుకొని సుఖంగా నివసిస్తుండగా, వెలుపలి నుండి వచ్చినవాడు ‘కనుగొన్నాను’ అంటే, అజ్ఞానం ఎవరిది?

1492 అక్టోబరు 12న కొలంబస్ దిగిన ద్వీపానికి అక్కడి లుకాయన్ ప్రజలు పెట్టుకొన్న పేరు గ్వానహానీ. అతడు దానిని శాన్ సాల్వడార్ అన్నాడు. తాను ఆసియా ప్రాంతం చేరినట్లు భ్రమించి, ఆ ప్రజలను ‘ఇండియన్లు’ అన్నాడు. రజ్జువునందు సర్పాన్ని చూచినట్లు, ఒక ఖండమందు మరొక ఖండాన్ని చూచాడు. భ్రాంతి మానవసహజం, క్షమార్హం. ఆ భ్రాంతినే ఆధారం చేసుకొని పరుల భూమిని హరించడం క్షమార్హం కాదు.

1493లో పోప్ ఆరవ అలెగ్జాండర్ ఆ భూములను స్పెయిన్ ప్రభువులకు దత్తం చేశాడు. దాత తన వస్తువును ‘న మమ’ అని విడిచినప్పుడే దానం సిద్ధిస్తుంది. తనది కానిదానిని ఇచ్చుట దానమెట్లగును? 1494లో టోర్డెసిల్లాస్ సంధి ద్వారా స్పెయిన్, పోర్చుగల్ రాజ్యాలు సముద్రంపై రేఖ గీసి, తాము చూడని భూములను సైతం పంచుకొన్నాయి. 1513 నాటి ‘రెకెరిమియెంటో’ అనే ప్రకటనను ఆ ప్రజలకు తెలియని భాషలో చదివి, లొంగనివారికి యుద్ధమూ దాస్యమూ తప్పవనీ, ఆ దోషం వారిదేననీ చాటారు. అర్థం కాని మాటకు సమ్మతి ఎట్లు కలుగుతుంది?

‘ఆ కాలంలో అందరి బుద్ధి అంతే’ అని పూర్వపక్షం. అది నిలువదు. 1511 డిసెంబరులో శాంటో డొమింగో చర్చిలో ఆంటోనియో డి మాంటెసినోస్ అనే సన్న్యాసి, వీరు మనుష్యులు కారా అని స్పెయిన్ వలసదారులను నిలదీశాడు. ఆ ప్రజలచేత వెట్టి చేయించుకొన్న లాస్ కాసాస్ 1514లో ఆ అధికారాన్ని త్యజించి, వారి పక్షాన జీవితాంతం వాదించాడు. అదే కాలం, అదే మతం. వారికి ధర్మం గోచరించింది. తక్కినవారికి అడ్డు వచ్చినది లోభం.

ఈ వాదం పాతబడినదనుకొనరాదు. 1823లో అమెరికా సుప్రీంకోర్టు ‘కనుగొనుట’నే భూస్వామ్యానికి మూలంగా అంగీకరించింది. వాటికన్ ఈ సిద్ధాంతాన్ని బహిరంగంగా నిరాకరించినది 2023లో మాత్రమే.

కనుక బాలురకు ‘1492లో కొలంబస్ లుకాయన్ల గ్వానహానీ ద్వీపం చేరాడు’ అని బోధించాలి. సాధకుడు సైతం దీనిని తనకు అన్వయించుకోవాలి. తత్త్వం తెలిసినదన్న క్షణంలోనే ‘అది నాది’ అనే మమకారం తలెత్తితే, అతడు తెలుసుకొన్నది తత్త్వం కాదు.