డ్రోను ఒకటి, మనుషులు ముగ్గురు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, డాబాల మీదికి డ్రోన్లు ఆహారం పొట్లాలు దింపడం మనమంతా ఇక్కడినుంచి ఫోన్లలో చూశాం. చూసిన పిల్లలకి సహజంగానే అదంతా డ్రోను గొప్పతనం అనిపిస్తుంది. దాని వెనక మనుషుల సంగతి ఈసారి చెప్పుకుందాం.

2017లో హార్వీ తుపానుకి బ్రాజోస్ నది పొంగిన రోజుల్ని షుగర్‌ల్యాండ్ వైపు తెలుగు కుటుంబాలు మరిచిపోయి ఉండవు. అప్పుడు ఫోర్ట్ బెండ్ కౌంటీవారి కోసం డ్రోన్లు ఎగరేసి, ఎక్కడ మునిగిందో, ఏ కరకట్ట ఎలా ఉందో చూసిపెట్టినవాళ్ళలో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం ఆచార్యురాలు రాబిన్ మర్ఫీ బృందం ఉంది. 2001లో న్యూయార్క్ జంట భవనాల శిథిలాల్లోకి చిన్న రోబోలను పంపిందీ, 2005లో కత్రినా తరవాత మిసిసిపీలో పైలట్ లేని చిన్న విమానాలు ఎగరేసిందీ ఆమె సహచరులే.

ఆ అనుభవంతో మర్ఫీగారు ఒక లెక్క చెప్పారు. పిల్లలూ, మీరూ చెయ్యొచ్చు. డ్రోన్లు ఎన్నో, వాటికి బిగించిన కెమెరాల్లాంటి పరికరాలు ఎన్నో కూడండి. దానికి ఒకటి కలపండి. కనీసం అంతమంది మనుషులు కావాలి. ఒక డ్రోను, ఒక కెమెరా అయితే ముగ్గురు!

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది మింగుడు పడదు. పదిమంది పని ఒకడితో చేయించడమేగా మా వృత్తి! కానీ ఆలోచిస్తే నిజమే. ఒకరు డ్రోను నడపాలి. ఇంకొకరు తెర మీంచి చూపు తిప్పకూడదు. బురదనీళ్ళలో కనిపించింది కొమ్మా, చెయ్యా? "ఆగు, కాస్త వెనక్కి తిప్పు" అనాల్సింది ఆ రెండో మనిషే. సంజయుడు వృత్తికి సారథే అయినా, ధృతరాష్ట్రుడికి యుద్ధం చెప్పేటప్పుడు ఆయన చేతిలో పగ్గాలు లేవు.

మూడో మనిషి చుట్టూ ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉంటాడు. ఊరికే నిలబడ్డట్టే కనిపిస్తాడు గానీ, నా దృష్టిలో ప్రాణాలు కాసేది అతనే. 2025 జూలై 4న టెక్సాస్‌లో గ్వాడలూప్ నది వరద కెర్ కౌంటీని ముంచెత్తింది. గల్లంతైనవారి కోసం ఇంకా వెతుకుతూండగా, మూడు రోజుల తరవాత, ఎగరేయకూడదన్న చోట ఎవరో ఎగరేసిన సొంత డ్రోను సహాయక హెలికాప్టర్‌ని ఢీకొంది. దాన్ని అత్యవసరంగా దింపేసి పక్కన పెట్టాల్సి వచ్చింది. అదే ఏడాది జనవరిలో లాస్ ఏంజిలెస్ మంటలార్పే విమానం రెక్కకి ఇలాగే ఒక డ్రోను చిల్లు పెట్టింది. ఒకపక్క ఇళ్ళు తగలబడుతుంటే ఆ విమానం నేలమీద కూర్చుంది.

పండక్కి డ్రోను కొనిపెట్టే అమ్మానాన్నలకి ఒక మాట. సరదాకి ఎగరేసేవాళ్ళు కూడా ఎఫ్‌ఏఏ వారి ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష పాసవ్వాలి. పదహారేళ్ళు నిండిన పిల్లలు పార్ట్ 107 పరీక్ష రాసి లైసెన్సే తెచ్చుకోవచ్చు. వరదొచ్చినా, మంటలొచ్చినా, పిలవకుండా మాత్రం డ్రోను బయటికి తియ్యకండి.

వచ్చే పిక్నిక్‌లో, పార్కువారు ఒప్పుకుంటే, ఒక ఆట ఆడిద్దాం. పొదల్లో ఎక్కడో ఎర్ర తువ్వాలు దాచి, పిల్లల్ని ముగ్గురేసి చొప్పున జట్లు కట్టి వెతకమందాం. పైలట్ ఎవరన్న తగువు ఎలాగూ తప్పదు. కాబట్టి వంతులు ముందే రాసుకోండి.