బంకు రానీండి, మలుపు సంగతి తేల్చండి

ఊరి మొగదల పెట్రోలు బంకు వస్తోందంటే మగవాళ్ళు ముందు అడిగేది స్థలం ఎవరిది, లీజు ఎంత అని. మనం అడగాల్సింది వేరే ఉందమ్మా. ఆ బంకులోకి బళ్ళు ఎటునుంచి తిరుగుతాయి? తిరిగే చోట మన పిల్లలు రోడ్డు దాటుతున్నారా?

బంకు వద్దని నేననటం లేదు. దుక్కుల రోజుల్లో డీజిలు కోసం క్యాను పట్టుకుని ఆమడ దూరం పోయేది మన ఇళ్ళవాళ్ళే. పైగా బంకులో గాలి, మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఉచితంగా ఉండాలన్నది రూలు. ప్రయాణాల్లో ఆడవాళ్ళకి అదెంత ఆసరానో నేను చెప్పక్కర్లేదు. రానీండి. కానీ ఎక్కడ, ఎలా అన్నది మనమూ అడగాలి.

ముందు దూరం సంగతి చూద్దాం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో ఒక పద్ధతి పెట్టింది. కొత్త బంకుకీ, బడికీ, పది పడకలు, ఆపైన ఉన్న ఆస్పత్రికీ, నివాస ప్రాంతంగా గుర్తించిన చోటుకీ మధ్య 50 మీటర్లు ఉండాలి. స్థలం కుదరకపోతే అదనపు జాగ్రత్తలతో తగ్గించవచ్చుగానీ, ఎట్టి పరిస్థితిలోనూ 30 మీటర్లకి తగ్గకూడదు. మన లెక్కలో చెప్పాలంటే తొమ్మిది చీరలు వరసగా పరిస్తే 50 మీటర్లు, ఐదున్నర చీరలైతే 30. కొలవాల్సింది బంకు గేటునుంచి కాదు. నూనె దింపే చోటు, పెట్రోలు పోసే మిషను, ఆవిరి పోయే గొట్టం, ఈ మూడింటిలో ఏది దగ్గరైతే దాన్నుంచి.

అయితే ఈ 50 మీటర్లు కాపాడేది నిప్పునుంచి, ఆవిరినుంచి. లారీనుంచి కాదు. బడి అరవై మీటర్లలో ఉందనుకోండి, కాగితం మీద అంతా సవ్యమే. బడి వదిలే వేళకి ట్రాక్టరు అడ్డంగా తిరిగితే ఆ కాగితం ఏం చేస్తుంది?

అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడిగి చూడండి. అక్కడ చాలా ఊళ్ళలో బంకుకి అనుమతి ఇచ్చేముందు ప్రణాళిక బోర్డు సభ పెడుతుంది. రద్దీ వేళ ఎన్ని బళ్ళు వస్తాయో, ఎన్ని పోతాయో ఇంజనీరు లెక్క చూపించాలి. ఇరుగుపొరుగు లేచి మాట్లాడవచ్చు. రోడ్డున పోతూ పోతూ ఆగే బళ్ళు వేరు, బంకు కోసమే వచ్చే బళ్ళు వేరు అని విడదీసి మరీ లెక్క వేస్తారు.

మన దగ్గర కూడా బంకు పెట్టేవాళ్ళు అనే మాట ఒకటుంది. "కొత్తగా బళ్ళేమీ రావమ్మా, పోయేవే ఆగుతాయి." సగం నిజమే. కానీ ఆగే ప్రతి బండీ రెండుసార్లు మలుపు తిరుగుతుంది, లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి. బంకు కుడిపక్కన ఉంటే ఎదురొచ్చే బళ్ళని కోసుకుంటూ పోవాలి. నాలుగు వరసల రోడ్డయితే చుట్టు తిరగలేక ఎదురుదారిన వచ్చేవాళ్ళు కొందరు. బళ్ళు పెరగకపోయినా మలుపులు పెరుగుతాయి. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఇక మన రోడ్ల తీరే వేరు. వర్షాకాలంలో చూస్తే ఖాళీగా ఉంటాయి. పత్తి తీతలు మొదలై, సంక్రాంతి వెళ్ళి, మిరప కోతలు ఊపందుకున్నాక చూడండి. టిక్కీలు ఎత్తిన లారీలన్నీ గుంటూరు యార్డు దారే. పొద్దున్నే కూలీల ఆటోలు, ట్రాక్టర్లు. 2020 మే 14న ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభానికి గుద్దుకుని ఎన్ని ప్రాణాలు పోయాయో మరిచిపోలేం. దానికీ బంకుకీ సంబంధం లేదు. మన రోడ్డుమీద ట్రాక్టరంటే సరుకు బండి ఒక్కటే కాదు, మనుషుల బండి కూడా అని చెప్పటానికే గుర్తు చేశాను. ఆగస్టులో వచ్చి చూసిపోయిన అధికారికి ఇదెలా తెలుస్తుంది? చెప్పాల్సింది మనమే.

అందుకు పెద్ద చదువు అక్కర్లేదు. పాత నోటుపుస్తకంలో గళ్ళు గీయండి. లారీ, ట్రాక్టరు, ఆటో, బడి బస్సు, మోటారు సైకిలు, నడిచి దాటేవాళ్ళు. పొద్దున బడివేళ ఒక గంట, సాయంత్రం ఒక గంట, సీజనులో రెండు రోజులు ఇద్దరు ముగ్గురు కూర్చుని గీతలు పెట్టండి. తేదీ, టైము తప్పకుండా వేయండి. పాలలెక్క రాసుకునే చేతికి ఇదేం కష్టం?

ఆ లెక్కతో అర్జీ రాయండి. 2002 నాటి పెట్రోలియం నియమాల ప్రకారం బంకుకి జిల్లా అధికారి నిరభ్యంతర పత్రం కావాలి. దరఖాస్తు అందిన మూడు నెలల్లో ఇచ్చేదీ లేనిదీ తేల్చాలి. మన మాట చెవిన పడాల్సింది ఆ లోపలే. గుంతలు తవ్వాక, ట్యాంకులు దించాక అరిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. రసీదు అడిగి తీసుకోండి. బంకు ప్లాను చూడాలంటే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

అర్జీలో ఊరికే "మాకొద్దు" అని రాస్తే పక్కన పడేస్తారు. ఇలా అడగండి. లోపలికో దారి, బయటికో దారి విడివిడిగా ఉన్నాయా? ట్రాక్టరు తొట్టితో సహా తిరగటానికి చోటుందా? బళ్ళు బారు తీరితే ఆ బారు లోపల ఆగుతుందా, రోడ్డెక్కుతుందా? పిల్లలు దాటే చోటు ఆ మలుపుకి ఎంత దూరం? రాత్రిపూట లైటు, పగలు బోర్డు ఎవరు పెడతారు? ఒక్కో ప్రశ్న కింద మీ లెక్క వేయండి.

పదిమంది ఆడవాళ్ళు సంతకాలు పెట్టి, అంకెలు వేసి ఇచ్చిన కాగితాన్ని తేలిగ్గా తీసిపారేయలేరు. బంకు రేపొచ్చినా ఎల్లుండొచ్చినా మనకి డీజిలు పోస్తుంది. మలుపు మాత్రం ఒకసారి తప్పుగా పెట్టారంటే రోజూ భయపెడుతూనే ఉంటుంది. మీ ఊరి మొగదల జెండాలు పాతి కొలతలు వేస్తున్నారేమో, ఈ వారమే కనుక్కోండి మరి.