చిన్ని తొట్టెకు ఏ చేప?

బాబు పుట్టినరోజుకి ఇంటికో గోల్డ్‌ఫిష్ వస్తుంది. గుండ్రటి గాజు గిన్నె, అడుగున గుప్పెడు రంగురాళ్లు, ఓ ప్లాస్టిక్ మొక్క... ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు. స్కూలు నుంచి రాగానే పిల్లాడు చిటికెడు మేత వేస్తాడు. ఆఫీసు నుంచి వచ్చి నాన్న ఇంకో చిటికెడు. 'పాపం, ఆకలేస్తోందేమో' అంటూ నానమ్మ మరో చిటికెడు. మూడోరోజుకి నీళ్లు మసకబారతాయి. నాలుగోరోజు చేప పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. అయిదోరోజు పొద్దున్నే, పిల్లాడు లేవకముందే అమ్మ ఆ గిన్నెను పెరట్లోకి తీసుకెళ్తుంది. సాయంత్రానికి అచ్చం అలాంటిదే మరో చేప గిన్నెలోకి వస్తుంది. దానిదీ అదే కథ. 'మా ఇంటికి చేపలు అచ్చిరావు' అన్న మాట అలా పుడుతుంది.

అచ్చిరాకపోవడం కాదది, ఎంపికలో పొరపాటు. కంటికి నచ్చిన చేపను కొని, తర్వాత దానికి చోటు వెతకడంతోనే చిక్కంతా. ముందు ఇంట్లో ఉన్న చోటునీ నీళ్లనీ చూసుకుని, వాటికి తగ్గ చేపను తెచ్చుకుంటే చిన్న తొట్టె కూడా ఏళ్ల తరబడి కళకళలాడుతుంది.

గిన్నెలో గోల్డ్‌ఫిషా?

గోల్డ్‌ఫిష్‌ది అల్పాయుష్షు అనుకుంటారు చాలామంది. ఇంగ్లండులో 1956లో ఓ జాతరలో బహుమతిగా వచ్చిన 'టిష్' అనే గోల్డ్‌ఫిష్ 1999 వరకూ... అంటే 43 ఏళ్లు బతికింది! సరిగ్గా చూసుకుంటే పదేళ్లు దాటడం వీటికి మామూలే. కాకపోతే ఇవి జానెడు పొడవు పెరుగుతాయి. బాగా తింటాయి, అంతకు తగ్గట్టే నీళ్లను పాడుచేస్తాయి. గుండ్రటి గిన్నెలో నీళ్లు తక్కువ, గాలి తగిలే పైభాగమూ తక్కువే. అందుకే ఇటలీలోని మోంజా పట్టణం 2004లో, రోమ్ నగరం 2005లో చేపల్ని గుండ్రటి గిన్నెల్లో పెంచకూడదని నిబంధన పెట్టాయి.

ఇంట్లో మొదటిసారి పెట్టుకునేవారికి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టె నయం. నిండా పోస్తే 56 లీటర్లు పడుతుంది. రాళ్లూ మొక్కలూ పోగా 45 లీటర్ల నీళ్లుంటాయి. తొట్టె చిన్నదైతే పని తక్కువనుకోవడం పొరపాటు. గ్లాసుడు నీళ్లలో చిటికెడు ఉప్పు వేస్తే వెంటనే తెలుస్తుంది, బిందెడు నీళ్లలో వేస్తే తెలియదు. చేప విసర్జించే మలినమూ అంతే. నీళ్లు ఎంత తక్కువైతే అంత త్వరగా విషమవుతాయి.

ముందు బకెట్‌ అంచు చూడండి

చేపలన్నిటికీ ఒకే నీళ్లు సరిపడవు. మీ ఇంటి నీళ్లెలాంటివో తెలుసుకోవడానికి ప్రయోగశాలకు వెళ్లక్కర్లేదు. బకెట్‌ అంచునా కుళాయి మూతి దగ్గరా తెల్లటి పొర కడుతోందా? సబ్బు ఎంత రుద్దినా నురగ రావడం లేదా? అయితే అవి బళ్లో 'కఠినజలం' అని చదువుకున్న నీళ్లే. మన ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఇలాగే ఉంటాయి.

ఈ నీళ్లు గప్పీలకీ ప్లాటీలకీ బాగా నప్పుతాయి. నియాన్ టెట్రాల సంగతి వేరు. ఎరుపూ నీలమూ కలిసి మెరిసే ఈ బుజ్జి చేపలది అమెజాన్ నదీ ప్రాంతం. అక్కడి నీళ్లలో లవణాలు తక్కువ. వాటిని తెచ్చి బోరు నీళ్లలో వేస్తే ఇబ్బంది పడతాయి. 'మనం తాగే ఆర్వో నీళ్లే పోసేద్దాం' అనుకునేవారూ ఉంటారు. అందులో చేపకు కావలసిన లవణాలు కూడా మిగలవు. ఉత్త ఆర్వో నీళ్లు గప్పీలకు అస్సలు మంచివి కావు.

కుళాయి నీళ్లయితే క్లోరిన్ కలిసి ఉంటుంది. అది చేప మొప్పల్ని దెబ్బతీస్తుంది. బకెట్లో పట్టి ఒక రోజంతా అలా వదిలేసి వాడుకోవాలి. లేదంటే క్లోరిన్ విరుగుడు మందు దుకాణాల్లో దొరుకుతుంది, దాన్ని కలుపుకోవాలి.

ఎన్ని? ఏవేవి?

రెండడుగుల తొట్టెకు ఈ లెక్క చూడండి. వీటిలో ఏదో ఒకటే... అన్నీ కలిపి కాదు!

గప్పీలు: మగవి మాత్రమే ఆరు నుంచి ఎనిమిది. రంగుల తోకలన్నీ మగవాటివే. ఆడవి కూడా ఉంటే ఇంచుమించు నెలకోసారి పిల్లలు పుడతాయి. ఆర్నెల్లలో తొట్టె కిక్కిరిసిపోతుంది. మగచేపను వేరుచేసినా ఆడది ముందు కలిసిన కలయికతోనే కొన్ని నెలలపాటు పిల్లల్ని కంటూనే ఉంటుంది.

జీబ్రా చేపలు: ఆరు నుంచి ఎనిమిది. ఒంటినిండా నీలి చారలుండే ఇవి మన గంగా పరీవాహక ప్రాంతానివే. శాస్త్రవేత్తల పరిశోధనశాలల్లోనూ వీటిదే పెద్దపీట. కాస్త చలినీ తట్టుకుంటాయి. క్షణం కుదురుగా ఉండవు కాబట్టి తొట్టె పొడవుగా ఉండాలి, పైన మూత తప్పనిసరి.

ఫైటర్: ఒకే ఒక్కటి. థాయ్‌లాండ్ 2019లో దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. రెండు మగవాటిని కలిపి ఉంచితే ప్రాణాలమీదికి తెచ్చుకుంటాయి. నీటిపైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు కదా అని దీన్ని సీసాల్లో, గ్లాసుల్లో పెట్టి అమ్ముతుంటారు. ఊపిరి అందినంత మాత్రాన మురికి నీళ్లు విషం కాకుండా పోవు. కనీసం 20 లీటర్ల నీళ్లూ, 24 నుంచి 28 డిగ్రీల వెచ్చదనమూ ఉంటే ఈ చేప హుషారే వేరు. పొడవాటి తోకల గప్పీల్ని చూస్తే మరో ఫైటర్ అనుకుని మీదికెళ్లే అవకాశముంది. వాటిని జత చేయొద్దు.

నియాన్ టెట్రాలు: కనీసం ఎనిమిది. గుంపులో ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి. లవణాలు తక్కువున్న నీళ్లు దొరికితేనే, అదీ తొట్టె పెట్టి రెండుమూడు నెలలయ్యాకే తెచ్చుకోవాలి.

చిన్నప్పుడు చిన్నవే...

దుకాణంలో కనిపించేవన్నీ పిల్లలే. వేలెడున్న ఆ 'షార్క్' నిజానికి సొరచేప కాదు, పంగాసియస్. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచి కిలోల లెక్కన అమ్మే చేపే. పూర్తిగా ఎదిగితే మీటరు దాటుతుంది! అద్దాలకు అతుక్కుని నాచు తినే సక్కర్ అడుగు దాటి పెరుగుతుంది. ఆస్కార్ కూడా దాదాపు అడుగు. ఏంజెల్ చేప చూడ్డానికి సాధువే... పెరిగాక నోట్లో పట్టే నియాన్లను మింగేస్తుంది. వాస్తు పేరుతో కొనే అరవానా అయితే రెండడుగులు దాటిపోతుంది.

'తొట్టెను బట్టే పెరుగుతాయండీ' అని అమ్మేవాళ్లు భరోసా ఇస్తారు. ఇరుకు తొట్టెలో చేప ఎదగకపోతే అది సర్దుకుపోవడం కాదు... నీళ్లు బాగోక గిడసబారిపోవడం. అందుకే కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది పెరిగితే ఎంతవుతుంది? ఒంటరిగా ఉంటుందా, గుంపు కావాలా? ఎవరితో పడదు? ఆపైన కాస్త మేత వేసి చూపించమనండి. చురుగ్గా వచ్చి తింటూ, రెక్కలు విప్పుకుని ఈదేదాన్నే ఎంచుకోండి. ఒంటిమీద తెల్లటి చుక్కలున్నా, అదే తొట్టెలో చచ్చిన చేప కనిపించినా కొనకుండా వచ్చేయండి.

చేపకన్నా ముందు...

తొట్టె, చేప ఒకేరోజు కొనడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. అది వాటికే విషం. ఫిల్టర్లోని స్పాంజిలో పెరిగే మేలుచేసే బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ సైన్యం సిద్ధమవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఫిల్టర్ నడుపుతూ, ఖాళీ తొట్టెలోనే రోజూ చిటికెడు మేత వేస్తుండాలి. అది కుళ్లి వచ్చే అమ్మోనియాయే బ్యాక్టీరియాకు ఆహారం. ఇప్పటికే చేపలు పెంచుతున్న స్నేహితులెవరైనా ఉంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజిలో చిన్న ముక్క అడిగి తెచ్చుకోండి. పని త్వరగా అవుతుంది.

ఆ తర్వాత కూడా ముందు రెండుమూడు చేపలే. అవి కుదురుకున్నాక మిగిలినవి. కవరుతో సహా పావుగంట తొట్టెలో తేలనిచ్చి, తొట్టె నీళ్లు కొద్దికొద్దిగా కవరులో పోసి, అప్పుడు చేపను మాత్రమే లోపలికి వదలాలి. దుకాణం నీళ్లు తొట్టెలో కలపొద్దు.

రెండు నిమిషాల్లో తినేయగలిగినంత మేతే వేయాలి. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చాలి. మొత్తం తీసేసి తోమి కడిగితే బ్యాక్టీరియా కూడా కొట్టుకుపోతుంది. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టకుండా, తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. ఎండ పడే కిటికీ పక్కన తొట్టె ఉండకూడదు. వేసవిలో నీళ్లు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఆ సమయంలో కరెంటు పోయి ఫిల్టర్ ఆగిందంటే, కిక్కిరిసిన తొట్టెలో చేపలకు ఊపిరాడదు. నాలుగే చేపలున్న తొట్టె మాత్రం ఆ గండం తేలిగ్గా గట్టెక్కుతుంది.

చెరువులో వదలొద్దు

పెరిగిపోయిన చేపను ఏం చేయాలి? 'పాపం, చెరువులో వదిలేస్తే బతుకుతుంది' అనిపిస్తుంది. సక్కర్ అలాగే బయటపడింది. చెరువుల్లో చేరి మన చేపల తిండికీ గుడ్లకీ పోటీ అయింది. ముళ్లలాంటి దాని రెక్కలకు చిక్కి జాలరుల వలలు చిరుగుతున్నాయి. తూర్పు కనుమల నీటివనరుల్లో ఇది ఎంతగా విస్తరించిందో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2024లో వెల్లడించారు. కాబట్టి వద్దనుకున్న చేపను దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టె ఉన్నవారికి అప్పగించండి.

ఇవన్నీ పిల్లలకు చెప్పే చేయించాలి. ఖాళీ తొట్టె ముందు నెలరోజులు ఎదురుచూడటం వాళ్లకు కష్టమే. 'చేప ఎప్పుడొస్తుంది?' అని రోజుకు పదిసార్లు అడుగుతారు. అడగనివ్వండి. దాని ఇల్లు ఇంకా సిద్ధం కాలేదని చెప్పండి. తెల్లారకుండా గిన్నెను పెరట్లోకి మోసుకెళ్లడం కన్నా ఆ జవాబు చెప్పడమే అమ్మకు తేలిక!