గిటారుకు పెడల్ ఎందుకు?



పల్లెటూరి మందిరాలలో కూడా ఇప్పుడు గిటారు వినబడుతోంది. హార్మోనియం, డోలక్, తాళాల సరసన కీబోర్డు వచ్చింది, దాని వెనుక గిటారు వచ్చింది. గిటారు వచ్చిన కొంత కాలానికి దానిని వాయించే యౌవనస్థుడు సంఘ పెద్దల ముందుకు మరొక మాట తెస్తాడు: "అయ్యగారూ, ఒక పెడల్ కొనాలండి." పెద్దలకు అదేమిటో తెలియదు. కాలితో తొక్కే చిన్న డబ్బా అంటాడు. ధర అడిగితే వేలలో చెబుతాడు. సరే, ఒకసారి వినిపించమంటే, ఉత్సాహం కొద్దీ అన్నిటికన్నా గట్టిగా గర్జించే శబ్దమే వినిపిస్తాడు. "ఇది సినిమా శబ్దం, మందిరంలో వద్దు" అంటారు పెద్దలు. "మీకు తెలియదు" అంటారు పిల్లలు. కలిసి పాడవలసినవారి మధ్య పాట మూలంగానే మనస్పర్థ వస్తుంది.

తెలియనిదానిని ఖండించడం సులభం. తెలియకుండా కొనడం కూడా సులభమే. అందుచేత ఈ నెల ఆ డబ్బాలో ఏముందో, ఏ శబ్దం దేనికి పనికివస్తుందో నిదానంగా చూద్దాము.

డబ్బాలో జరిగేదేమిటి?

ఎలక్ట్రిక్ గిటారు తీగల క్రింద అయస్కాంతం, దాని చుట్టూ వేలసార్లు చుట్టిన సన్నని రాగి తీగ ఉంటాయి. దీనిని పికప్ అంటారు. పైన ఉక్కు తీగ కదిలినప్పుడు ఆ రాగి చుట్టలో చాలా చిన్న విద్యుత్తు పుడుతుంది. అది వైరు గుండా ఆంప్లిఫయరుకు చేరి, అక్కడ పెద్దదై, స్పీకరులో శబ్దంగా బయటకు వస్తుంది. ఈ దారి మధ్యలో పెట్టేదే పెడల్. వాయించేవాని చేతులు రెండూ తీగల మీద ఉంటాయి గనుక దాని మీటను కాలితో నొక్కుతాడు. ఒకసారి నొక్కితే పని మొదలు, మరల నొక్కితే గిటారు అసలు శబ్దం. చాలా పెడల్స్‌కు 9 వోల్టుల కరెంటు చాలు.

పొలానికి వెళ్లే కాలువలో తూము ఉంటుంది. తూము నీటిని పుట్టించదు, వచ్చిన నీటిని తగ్గిస్తుంది, మళ్లిస్తుంది. పెడల్ కూడా అంతే. అది పాటను పుట్టించదు. చేతిలో లేని స్వరం డబ్బాలో నుండి రాదు. శ్రుతి తప్పిన తీగను అది శ్రుతి తప్పినట్టే, ఇంకా పెద్దగా వినిపిస్తుంది.

ఇది మందిరానికి పరాయిదా?

1940లలో అమెరికాలో డిఆర్మండ్ అనే పేరుతో ఒక పెట్టె వచ్చింది. అందులో చిన్న మోటారు, ద్రవం నింపిన ఒక గొట్టం ఉండేవి. మోటారు ఆ గొట్టాన్ని ఊపుతుంటే గిటారు శబ్దం పెరుగుతూ తగ్గుతూ వణికేది. దీనికి ట్రెమొలో అని పేరు. తిరిగే ఫ్యాను ముందు నోరు పెట్టి పిల్లలు రాగం తీస్తారే, ఇంచుమించు ఆ వణుకే.

ఈ వణుకును ప్రసిద్ధి చేసినవారిలో ఒకరు సువార్త గాయకుడు. 1914లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టి, పత్తి తోటలలో పెరిగిన రోబక్ స్టేపుల్స్ తరువాత చికాగో నగరానికి వలసవెళ్లి, తన పిల్లలతో కలిసి మందిరాలలో పాడేవాడు. 1956లో ఆ కుటుంబం రికార్డు చేసిన 'అన్‌క్లౌడీ డే' పాటలో గిటారు వణికే శబ్దమే ముఖ్యమైన తోడు. ఆయన ఎక్కువ స్వరాలు వాయించడు. పిల్లల గొంతుల వెనుక కొద్దిగా వాయించి, పాటకు దారి వదిలివేస్తాడు. ఆయన కంటే ముందే సిస్టర్ రోజెటా థార్ప్ అనే సహోదరి, సువార్త ప్రకటించే తల్లి వెంట చిన్ననాటి నుండి పాడుతూ పెరిగి, ఎలక్ట్రిక్ గిటారుతో సువార్త పాటలు పాడింది. కాబట్టి ఈ శబ్దాలన్నీ సినిమా నుండే వచ్చాయనడం సరికాదు.

మనం మన వాద్యమే అనుకునే హార్మోనియం కూడా ఐరోపా నుండి వచ్చినదే. మన రాగాల గమకాలు దాని మెట్ల మీద పలకవని 1940లో ఆలిండియా రేడియో దానిని నిషేధించింది. ఆ నిషేధం 1971 వరకు సాగింది. అదే హార్మోనియం మన కీర్తనలకు ఎన్ని తరాలుగా తోడుగా ఉన్నదో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. వాద్యం ఎక్కడ పుట్టిందన్నది కాదు ముఖ్యం, అది మన మధ్య ఏమి చేస్తుందన్నదే ముఖ్యం.

ఏ శబ్దం ఏమి చేస్తుంది?

మొదటిది, గర్జించే శబ్దాలు. వీటిలో మెత్తనిదానిని ఓవర్‌డ్రైవ్ అని, గట్టిదానిని డిస్టార్షన్ అని, అన్నిటికన్నా బొంగురుగా ఉండేదానిని ఫజ్ అని అంటారు. ఇది చెడిపోయిన యంత్రంలో నుండి వచ్చిన శబ్దం. నాష్‌విల్ నగరంలో, 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తుండగా, మిక్సరులో ఒక భాగం చెడి, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు బరబరమని పలికింది. ఆ శబ్దాన్ని తీసివేయకుండా పాటలో ఉంచేశారు. అది జనానికి నచ్చింది. గ్లెన్ స్నాడీ అనే ఇంజనీరు ఆ శబ్దాన్నే కావాలని పలికించే సర్క్యూటు తయారుచేయగా, గిబ్సన్ కంపెనీ 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో దానిని అమ్మింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం ఒక పాటలో వాడిన తరువాత దాని పేరు లోకమంతా తెలిసింది.

దీని పని ఇది. శబ్ద తరంగం గట్టు దాటి పొంగినప్పుడు దాని తలను కోసివేస్తుంది. కోసిన చోట కొత్త స్వరాలు పుట్టి శబ్దం గరుకుగా మారుతుంది, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ నిలకడే మనకు ఉపయోగం. గిటారు తీగ మీటిన వెంటనే శబ్దం తగ్గిపోతుంది, మన నిదానపు కీర్తనలకు సాగే స్వరం కావాలి. ఓవర్‌డ్రైవ్‌ను కొద్దిగా పెట్టి, ఒక్కొక్క తీగనే లాగి వాయిస్తే గిటారు వయొలిన్ వలె సాగుతుంది. అయితే గట్టి డిస్టార్షన్ పెట్టి ఆరు తీగలూ ఒకేసారి మీటితే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసి బురదవుతాయి. అప్పుడు రెండు మూడు తీగలతో సరిపెట్టుకోవాలి.

రెండవది, వా పెడల్. 1966లో అమెరికాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజనీరు పనిచేస్తుండగా వచ్చిన ఆలోచన ఇది. పాదంతో ముందుకు వెనుకకు ఊపితే, మనిషి నోరు మూసి తెరిచి "వా" అన్నట్లు పలుకుతుంది. దీనికి మన ఆరాధనలో పని తక్కువ.

మూడవది, కోరస్. గిటారు శబ్దానికి మరొక ప్రతి తీసి, సుమారు సెకనులో 50వ వంతు ఆలస్యంగా, శ్రుతిని కొంచెం కదిలిస్తూ అసలు శబ్దంతో కలుపుతుంది. పదిమంది సహోదరీలు ఒకే పాట పాడినా ఏ ఇద్దరి గొంతూ సరిగ్గా ఒకటి కాదు, ఆ చిన్న తేడాల వల్లనే సామూహిక గానం నిండుగా ఉంటుంది. ఈ పెడల్ చేసేది అదే. 1976లో జపాన్‌కు చెందిన బాస్ సంస్థ మొదటి కోరస్ పెడల్‌ను తెచ్చింది. దాని మాతృసంస్థ రోలాండ్‌ను 1972లో స్థాపించిన ఇకుతారో కకెహాషి చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకుని, గడియారాలు బాగుచేసి బ్రతికినవాడు. క్షయవ్యాధితో ఆసుపత్రిలో పడి స్ట్రెప్టోమైసిన్ మందు వల్ల లేచాడు. 2017లో కన్నుమూశాడు. నేడు ఊరూరా కనిపించే రంగురంగుల చిన్న పెడల్స్ వెనుక అటువంటి కష్టజీవి ఉన్నాడని మన పిల్లలు తెలుసుకోవాలి.

నాలుగవది, డిలే. కొండకు ఎదురుగా నిలిచి కేక వేస్తే ప్రతిధ్వని వస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గనుక, 170 మీటర్ల దూరాన ఉన్న కొండ నుండి ఒక సెకనుకు తిరిగి వస్తుంది. పూర్వం టేపు మీద రికార్డు చేసి ఈ ప్రతిధ్వనిని పుట్టించేవారు. ఇప్పుడు అరచేతిలో పట్టే డబ్బా చేస్తుంది. దీనిని పాట నడకకు సరిపెట్టాలి. లెక్క సులభం: 60,000ను నిమిషానికి వచ్చే తాళం దెబ్బల సంఖ్యతో భాగించండి. నిమిషానికి 80 దెబ్బలైతే 750 మిల్లీసెకన్లు. లెక్క తప్పితే ప్రతిధ్వని ఒక తాళం, డోలక్ మరొక తాళం వేసి పాడేవారిని తడబరుస్తాయి.

ఐదవది, రివర్బ్. ఇది ఖాళీ గదిలో శబ్దం మ్రోగినట్లు చేస్తుంది. ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. మన మందిరాలు చాలావరకు శ్లాబు, టైల్స్, బోసి గోడలతో కట్టినవి, లేదా రేకుల షెడ్లు. అవి వాటంతట అవే మ్రోగుతాయి. వాటిలో గిటారుకు రివర్బ్, మైకుకు ఎకో కలిపితే మాట మీద మాట పడుతుంది.

అసలు ప్రశ్న

మన సంఘాలలో చదువురాని తల్లులు, కళ్లు సరిగా కనబడని వృద్ధులు ఎందరో ఉన్నారు. వారి చేతిలో పాటల పుస్తకం ఉండదు. వారు పాటను చెవితోనే నేర్చుకుంటారు. పాటలోని మాటే వారికి వాక్యపాఠం, పొలంలోనూ పొయ్యి దగ్గరా వారు తలచుకునేది అదే. గిటారు ఎంత మధురంగా ఉన్నా ఆ మాట వారికి వినబడకపోతే మనం వారి నోటి దగ్గర అన్నం తీసివేసినట్లే. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పౌలు వాద్యాల గురించే చెప్పి, స్వరభేదం స్పష్టంగా లేకపోతే వినేవారికి ఏమి ప్రయోజనమని అడుగుతాడు. మనకు కొలత అదే. పెడల్ మంచిదా చెడ్డదా అని కాదు, అది నొక్కినప్పుడు మాట తేటగా వినబడిందా లేదా అని అడగాలి.

అదే కొలత పెద్దలకూ వర్తిస్తుంది. హార్మోనియం పెద్దగా మ్రోగి మాటను మింగినా తప్పే.

కొనేముందు

ముందుగా శ్రుతి చూపే ట్యూనర్ ఉండాలి. గిటారుకు తగిలించే చిన్న క్లిప్పు అయినా సరిపోతుంది. తరువాత మంచి వైరు. ఆ తరువాతనే ఓవర్‌డ్రైవ్ గాని, డిలే గాని ఏదో ఒకటి. అనేక శబ్దాలు ఒకే పెట్టెలో ఉండే మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ కూడా ఉంది, నేర్చుకునేవారికి అది లాభం. కొనకముందు ఎవరిదైనా అడిగి వాయించి చూడండి.

పెడల్స్ రెండు మూడు ఉంటే ట్యూనర్ మొదట, ఓవర్‌డ్రైవ్ తరువాత, కోరస్, డిలే, రివర్బ్ చివర ఉంచడం వాడుక. డిలేను ముందు పెడితే ప్రతిధ్వనులన్నీ గర్జనలో కలిసి చెదిరిపోతాయి.

డిస్టార్షన్ పెడల్‌ను నేరుగా మందిరం మైకు సెట్టుకు కలిపితే రేకును గీరినట్లు ఉంటుంది. గిటారు ఆంప్లిఫయరులోని స్పీకరు పై స్థాయి శబ్దాలను తగ్గిస్తుంది, మైకు సెట్టు తగ్గించదు. కాబట్టి గిటారు ఆంప్లిఫయరు ముందు మైకు పెట్టండి, లేదా స్పీకరు శబ్దాన్ని అనుకరించే సదుపాయం ఉన్న పెడల్ వాడండి. పెద్దలకు నచ్చనిది చాలాసార్లు ఈ గీరుడే.

అడాప్టరు విషయంలో జాగ్రత్త. వోల్టేజీ, ప్లస్ మైనస్‌ల అమరిక పెడల్ మీద వ్రాసినట్లే ఉండాలి. తప్పితే పెడల్ కాలిపోవచ్చు. బ్యాటరీ వాడేవారు ఆరాధన ముగియగానే గిటారు వైరును పెడల్ నుండి తీసివేయాలి. వైరు ఉన్నంతసేపు బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎర్తింగ్. ఎర్తు సరిగా లేనిచోట, తీగల మీద చేయి ఉండగా పెదవి మైకుకు తగిలితే షాకు కొట్టవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. ప్లగ్గు మూడవ పిన్నును విరగగొట్టి వాడకండి. పెడల్‌కు చందా వేసే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మందిరంలో ఎర్తు చూపించండి.

యౌవన సహోదరులారా, కొత్త శబ్దం చేతికి వచ్చినప్పుడు ప్రతి పాటలోనూ దానిని వాడాలనిపిస్తుంది. ఉప్పు మంచిదే, కాని కూరకు తగినంతే. పెద్దలారా, పిల్లలు మందిరానికి వాద్యం పట్టుకుని వస్తున్నారంటే అది సంతోషించవలసిన సంగతి. ఒక శనివారం సాయంత్రం కూర్చుని వారు వాయించేది వినండి. చివరి చాప మీద ఒక అవ్వను కూర్చోబెట్టండి. పాట అయిన తరువాత, "అవ్వా, ఏ మాటలు వినబడ్డాయి?" అని అడగండి. ఆమె చరణం తిరిగి చెప్పగలిగితే పెడల్ అక్కడ ఉండవచ్చు. చెప్పలేకపోతే, పిల్లలను గద్దించక, శబ్దం ఒక మెట్టు తగ్గించి మరల పాడించండి.

ప్రభువు మీ గృహములను, మీ పాటలను దీవించును గాక.