చిన్న పైకము, సరదా కారు



ఈ నెల వచ్చిన జాబులలో నొకదానికి అందఱకు నుపయోగించునట్లు ఇచ్చట సమాధానము వ్రాయుచున్నాను. జాబు వ్రాసిన సోదరి యొక చిన్న పట్టణమున ఉపాధ్యాయిని. ఏండ్ల తరబడి చీటీ కట్టి రెండున్నర లక్షల రూపాయలు కూడబెట్టినది. కారు నడుపుట నేర్చి లైసెన్సు పొందినది. "నడుపుట యన్న నాకు మిగుల సరదా. ఒక చిన్న పాత కారు కొనవలెనని నా కోరిక. మా వారును, మామగారును మాత్రము అదే పైకమునకు పదేండ్ల నాటి పెద్ద డీసెలు బండి వచ్చును గదా, నలుగురిలో గౌరవముగా నుండును గదా యనుచున్నారు. ఏది మేలు?" అని యడిగినది.

ముందుగా సరదా యను మాటను గూర్చి చెప్పెదను. స్త్రీ తన సొమ్ముతో సరదా కోరిన దుబారా యందురు. ఇంటివారు డాబు కోరిన మర్యాద యందురు. ఈ లెక్క సరియైనది కాదు. నడుపుటకు హాయిగా నుండు బండి ప్రతిదినము వీథిలోనికి వచ్చును. ఇరుకు సందులలో తిరుగక, అంగడి ముందర నిలుపుటకు చోటు చాలక విసిగించు బండి యింటనే పడియుండును. లేదా మఱియొకరు వచ్చి నడుపువఱకు వేచియుండును. అంతలో నేర్చిన విద్య చేయి జారును. కావున సరదా యనునది వ్యర్థవ్యయము గాదు. బండి మీ చేతిలో నిలుచుటకు అదియే యాధారము.

ఇక పెద్దబండి సంగతి. పాతబడినకొలది బండి వెల తగ్గునే కాని విడిభాగముల వెల తగ్గదు. క్రొత్తలో పదునైదు లక్షలు పలికిన బండి నేడు రెండు లక్షలకు రావచ్చును. కాని దాని క్లచ్చి, టర్బో, ఇంజెక్టర్లు పదునైదు లక్షల బండికి తగిన వెలనే పలుకును. ఒక్కసారి పని తగిలిన చీటీ పైకములో మిగిలినదంతయు మెకానిక్కు షెడ్డునకే చెల్లును. దినమునకు వందల కిలోమీటర్లు తిరుగువారికి డీసెలు గిట్టుబాటు గావచ్చును. ఇల్లు, బడి, అంగడి, నెల కొకసారి పుట్టిల్లు తిరుగువారికి పెట్రోలు బండియే తగును.

నడుపుటలోని హాయి ఎక్కువ శక్తిగల యింజనులోనే యున్నదనుట పొరపాటు. బండి తేలికగా నుండి, క్లచ్చి మెత్తగా నొత్తబడి, గేరు తడబాటు లేక పడి, చక్రము త్రిప్పినంతనే బండి మాట వినవలెను. విశాఖపట్టణము నుండి అరకులోయకు పోవు ఘాటుదారి మలుపులలో బరువు బండి నడుపువారికి శ్రమ. తేలిక బండి నడుపువారికి వినోదము.

ఇట్టి గుణములు గల బండ్లు మన దేశమున కొదువ లేవు. మారుతి స్విఫ్ట్ 2005లో వచ్చినది. 2010లో దానికి 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను నమర్చిరి. 2011లో వచ్చిన రెండవ రూపము పెట్రోలు బండి బరువు వేయి కిలోలకు లోపే. దీని విడిభాగములు చిన్న పట్టణములలో సైతము దొరకును. హ్యుందాయి ఐ10 చెన్నపట్టణము చెంత తయారై 2007లో వెలువడినది. పొడవు మూడున్నర మీటర్లకు కొంచెమే యెక్కువ గాన ఇరుకు సందులకు చక్కగా నమరును. 2010లో వచ్చిన ఫోర్డ్ ఫిగో చక్రము త్రిప్పుటయందు మంచి పేరు గడించినది. కాని మన దేశమున కార్ల తయారీ మానుచున్నట్లు 2021లో ఆ కంపెనీ ప్రకటించినది గాన, మీ యూర దాని భాగము లేపాటి దొరకునో మెకానిక్కు నడిగిన పిమ్మటనే బేరమాడవలెను. 1983లో పుట్టి 2014లో నిలిచిపోయిన మారుతి 800 మీద పలువురకు మమకారము గలదు. అది ముచ్చటకే గాని నిత్యవాహనముగా నేను సలహా చెప్పను.

కారణ మేమందురా? ప్రాణరక్షణ. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ గాలిసంచులు లేని స్విఫ్ట్, ఐ10, ఫిగో బండ్లను గోడకు ఢీకొట్టించి పరీక్షింపగా పెద్దల రక్షణకు ఒక్క నక్షత్రమైనను రాలేదు. కావున ఏ బండి కొన్నను గాలిసంచులు, ఏ.బి.ఎస్. బ్రేకులు గల పైతరగతి రకమునే వెదకుడు. 2019 ఏప్రిలు నుండి ఏ.బి.ఎస్., జూలై నుండి నడుపువారి ముందు గాలిసంచి క్రొత్త కార్లలో తప్పనిసరి యయ్యెను. సంగీతపు పెట్టె, మెఱుగు చక్రములు తరువాతనైన కొనవచ్చును. గాలిసంచి తరువాత కొని తగిలించునది కాదు.

పైకము నిట్లు పంచుకొనుడు. రెండున్నర లక్షలలో రెండు లక్షలకు మించి బండికి పెట్టవలదు. భీమాకు, పేరు మార్పునకు పదునైదు వేలు తీసియుంచుడు. తక్కిన ముప్పదియైదు వేలు టైర్లు, బ్యాటరీ, ఆయిలు, బ్రేకుల కొఱకు ముట్టక దాచుడు. పాత బండి మొదటి యేట కొంత పని చెప్పక మానదు. చేతిలో నున్నదంతయు బేరములోనే పోసినవారికి ఆ పని యిడుమయై తోచును. దాచినవారికి మామూలు ఖర్చుగనే యుండును.

చూడబోవునపుడు పగటివేళ, ఇంజను పూర్తిగా చల్లారియుండగా పొండు. ముందే వేడిచేసి యుంచినచో రోగము దాగును. స్టార్టు చేసినపుడు నీలిపొగ వచ్చిన ఇంజను ఆయిలును కాల్చుచున్నదని యర్థము. వేడెక్కిన పిదపను దట్టమైన తెల్లపొగ వచ్చిన ఇంజనులోనికి నీరు చేరుచున్నదని యనుమానింపవలెను. మీటరులో కిలోమీటర్లు తక్కువగా నుండి, కాలితో త్రొక్కు పెడల్ల రబ్బరు మాత్రము నున్నగా నరిగియుండిన ఆ మీటరును నమ్మరాదు. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర యుండును. 2319 అని యున్న 2019వ సంవత్సరమున ఇరువదిమూడవ వారమున చేసినదని తెలియవలెను.

2020 అక్టోబరులో హైదరాబాదునందును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడయందును ఎన్నియో కార్లు నీట మునిగినవి. కడిగి మెఱుగుపెట్టిన బండి పైకి క్రొత్తదానివలె నుండును. సీటు బెల్టును కడదాక లాగి చూడుడు; చివర బురద మరక యుండిన సంగతి తెలిసిపోవును. సీట్ల క్రింది పట్టాలకు త్రుప్పు, తివాచీ క్రింద ఒండ్రు, ముక్కవాసన గూడ సాక్ష్యములే. అట్టి బండి యెంత చవుకైనను వలదు.

ఇక కాగితములు. సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. ఆపై ఫిట్‌నెసు పరీక్ష చేయించి ఐదేసి యేండ్లకు పొడిగింపవలెను. 2022 నుండి ఆ రుసుము మిక్కిలి పెరిగినది గాన, మిగిలిన యేండ్లు లెక్కించి వెల కట్టుడు. బండి నంబరుతో పరివాహన్‌లో చూచిన భీమా, అప్పు, చలానుల సంగతి తెలియును. బ్యాంకు అప్పు తీఱినచో బ్యాంకు వారి పత్రమును, 35వ నంబరు ఫారమును తీసికొనుడు. 29, 30 ఫారములపై సంతకములు చేయించి, 30 దినములలోపల పేరు మార్పించుకొనుడు. భీమాను 14 దినములలోపల మీ పేర మార్పింపకున్న బండికి దెబ్బ తగిలినపుడు పరిహారము చేతికి రాకపోవచ్చును. వెనుకటివారి నో క్లెయిము బోనసు వారిదే; మీకు రాదు.

2014లో రాష్ట్రము రెండైన పిదప తెలంగాణపు బండిని ఆంధ్రప్రదేశమునకు నిలుకడగా తెచ్చినను, అటునుండి యిటు కొనిపోయినను నిరభ్యంతర పత్రము కావలెను. ఏపీ 9 అని యున్న పాత పలక హైదరాబాదు బండిదే. అక్షరములను మాత్రమే చూచి మోసపోవలదు.

కడపటి మాట. మెకానిక్కును తోడు తీసికొని పొండు. ఇంటివారి సలహా వినుడు. కాని అరగంటసేపు బండిని మీరే నడిపి చూడుడు. సీటున కూర్చున్నపుడు ముందుదారి చక్కగా కనబడవలెను. క్లచ్చి పూర్తిగా మీ పాదమున కందవలెను. ఇది మఱియొకరు మీ బదులు చూచునది కాదు. "ఎవరి పేరనున్న నేమి?" యని యింట మెత్తగా ననువారుందురు. వారికి మెత్తగనే చెప్పుడు: కష్టించి కూర్చిన పైకము నాది, నడుపు చేయి నాది, ఆర్.సి.లో పేరును నాదే యుండవలెనని. కొనినది చిన్నబండి యైనను తాళపుచెవి మీ కొంగున నుండిన నాడు, వానలో బిడ్డను బడినుండి తెచ్చుటకుగాని, జబ్బుపడిన తల్లిని చూడబోవుటకుగాని యెవరి తీఱికకొఱకును మీరు వేచియుండ నక్కఱలేదు.