ఇలియన్ నేర్పు పాఠము

న్యూయార్కు రాష్ట్రమందలి ఇలియన్ పట్టణమున 1828 నుండి నెలకొనియుండిన రెమింగ్టన్ తుపాకుల కార్ఖానా 2024 మార్చిలో మూతపడినది. 1816లో ఎలిఫలెట్ రెమింగ్టన్ అను కొలిమివాని కుమారుడు స్వహస్తములతో చేసికొనిన తుపాకిగొట్టముతో వెలసిన పేరిది. మన కచేరీలలో టైపుయంత్రములపై ఈ పేరును చూచిన వకీళ్లు పెక్కుమంది కలరు. 1873లో ఆ యంత్రముల నిర్మాణమునకు పూనుకొనినదియు ఈ కార్ఖానాయే.

తుపాకులు చేయువారి పతనమునకు మనమేల చింతింపవలెనని కొందరడుగవచ్చును. ఆయుధములకై మేము కన్నీరు విడువము. 2012 డిసెంబరు 14న శాండీహుక్ పాఠశాలలో ఇరువదిమంది పసిబిడ్డలను, ఆరుగురు పెద్దలను బలిగొనినది ఈ సంస్థ అధీనమందలి బుష్‌మాస్టర్ తుపాకియే. మేము చింతించునది పనివారిని గూర్చి, వారిని నమ్ముకొనిన ఊరిని గూర్చి.

2007లో సెర్బెరస్ అను ధనవ్యాపారసంస్థ రెమింగ్టన్‌ను కొనినది. కంపెనీలను కొనుట, మరల నమ్ముట దాని వృత్తి. దాని యేలుబడిలో అప్పులు పేరుకొనినవి. శాండీహుక్ ఘోరము పిమ్మట వదలించుకొనజూచినను కొనువారు దొరకలేదు. తుపాకులపై కట్టుబాట్లు వచ్చునను భయమున్నంతకాలము అమ్మకములు పెరిగినవి; 2016 ఎన్నికలతో ఆ భయము తొలగగానే తగ్గినవి. భయమును పెట్టుబడిగా నమ్ముకొనిన వర్తకము నిలుకడ యెఱుగునా?

2018 మార్చిలో 90 కోట్ల డాలర్లకు మించిన అప్పుతో సంస్థ దివాలాకోర్టు నాశ్రయించినది. 2020 జూలైలో మరల నాశ్రయించి ముక్కలుముక్కలుగా అమ్ముడుపోయినది. తుపాకుల కార్ఖానా ఒకరికి, తూటాల వ్యాపారము వేఱొకరికి దక్కినవి. ఆ అక్టోబరులో ఇలియన్‌లో 585 మంది పనివారు తొలగింపబడిరి. తొలగింపు పరిహారమును, కూడబెట్టుకొనిన సెలవుల జీతమును వారికి నిరాకరింపబడినవి. 2022లో శాండీహుక్ బాధితులలో తొమ్మిది కుటుంబములకు ఒప్పుదల మేరకు ముట్టిన 7 కోట్ల 30 లక్షల డాలర్లు నాలుగు భీమా కంపెనీలు చెల్లించినవే. లాభము యజమానులది; నష్టము వచ్చినపుడు పూచీ ఎవ్వరిదియు కాదు!

క్రొత్త యజమానులు కార్ఖానాను జార్జియా రాష్ట్రమందలి లగ్రేంజ్ పట్టణమునకు తరలించిరి. 856 ఉద్యోగములు కల్పింతుమని 2021లో వాగ్దానము చేసిరి. ఇట్టి వాగ్దానము మునుపును వినబడినది. 2014లో అలబామాలోని హంట్స్‌విల్ పట్టణమున రమారమి 2,000 మందికి పని కలుగునని చెప్పి ప్రజాధనమునుండి రాయితీలు పొందిరి. చెప్పినన్ని ఉద్యోగములును రాలేదు, కార్ఖానాయు నిలువలేదు.

పేరును కొనవచ్చును, యంత్రములను బండ్ల కెత్తవచ్చును. తాతనుండి మనుమనికి సంక్రమించిన చేతిపనిని ఏ ఓడంబడికతో తరలింతురు? మన 2016 దివాలా శాసనము, కంపెనీ ఆస్తులను విక్రయించి పంచునపుడు, 24 నెలల పనివారి బాకీలకు తాకట్టు ఋణదాతలతో సమానస్థాన మొసగినది. ఇది న్యాయమునకు తొలిమెట్టు మాత్రమే. ప్రజాధనమును రాయితీగా గైకొను ప్రతి సంస్థయు, మాట తప్పినచో దానిని తిరిగి చెల్లించునట్లు ముందుగనే వ్రాతమూలకముగా పూచీపడవలెను. లగ్రేంజ్ పౌరులు ఇట్టి పూచీని గైకొనక కేవలము ప్రాచీననామమును నమ్మిరేని, ఇలియన్ గతి వారికిని తప్పదని మా యభిప్రాయము. కార్ఖానాలకై పోటీపడు మన రాష్ట్ర ప్రభుత్వములును ఈ పాఠమును మఱువరాదు.